విశాఖలో స్ఫటికాలు పెంచేవారికి: అర్ధవాహకాలు, సెమీమెటల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ప్రాజెక్టుకు కొత్త బ్యాచ్ రాగానే మా ల్యాబులో అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. పొద్దున ఒకరికి చెప్పిందే సాయంత్రం టీ దగ్గర ఇంకొకరికి చెప్పాలి. చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాసిపెట్టిన పేజీ ఇది. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏది కావాలంటే అది చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సెమీమెటల్ అంటే ఇంటర్మీడియట్‌లో చదివిన ఉపలోహమేనా?

కాదు. ఉపలోహం రసాయన శాస్త్రపు వర్గీకరణ. సిలికాన్, జెర్మేనియం అందులోకి వస్తాయి, కానీ అవి అర్ధవాహకాలు. సెమీమెటల్ అన్నది ఎలక్ట్రాన్ల శక్తి పట్టీలను, అంటే ఘన పదార్థంలో ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణులను, చూసి పెట్టిన పేరు. అర్ధవాహకంలో నిండిన పట్టీకీ ఖాళీ పట్టీకీ మధ్య అంతరం ఉంటుంది. సెమీమెటల్‌లో ఆ రెండూ కాస్త ఒకదానిమీదికి ఒకటి వస్తాయి, లేదా గ్రాఫీన్‌లోలాగా ఒక బిందువు దగ్గర తాకుతాయి. అందుకే అందులో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి, కానీ లోహంలో ఉన్నన్ని ఉండవు. బిస్మత్‌లో దాదాపు లక్ష పరమాణువులకు ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. రాగిలో పరమాణువుకు ఒకటి. బిస్మత్, ఆంటిమొని, గ్రాఫైట్ పాతకాలపు సెమీమెటల్స్. కాడ్మియం ఆర్సెనైడ్, టాంటలం ఆర్సెనైడ్ వంటివి 2014, 2015లలో ప్రయోగాల్లో బయటపడిన కొత్త తరం.

సిలికాన్ ఇంత చౌకగా దొరుకుతుంటే వేరే పదార్థాల వెంట ఎందుకు పడాలి?

సిలికాన్ కాంతిని పట్టుకుంటుంది కానీ ఇవ్వదు. దాని శక్తి అంతరం పరోక్షమైనది. ఎలక్ట్రాన్ కిందికి దిగాలంటే శక్తితోపాటు ద్రవ్యవేగాన్ని కూడా ఎక్కడో వదిలించుకోవాలి, ఆ తంటాలో శక్తి దాదాపుగా వేడిగా పోతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో అంతరం ప్రత్యక్షం, 1.42 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని ఆ అంకెతో భాగిస్తే నానోమీటర్లలో తరంగదైర్ఘ్యం వస్తుంది: సుమారు 870, అంటే కంటికి కనిపించని పరారుణం. గాలియం నైట్రైడ్ అంతరం 3.4. దానిలో ఇండియం కలిపి నీలి కాంతి రాబట్టారు. ఆ నీలి ఎల్‌ఈడీకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడింది సిద్ధాంతం మీద కాదు, మంచి స్ఫటికం పెంచడం మీద. ఈ మాట మా ల్యాబు గోడమీద రాయాలని నా కోరిక.

అంతరమే లేని సెమీమెటల్ కాంతి పరికరాల్లో ఏం చేస్తుంది?

అంతరం లేకపోవడమే దాని బలం. అర్ధవాహకం తన అంతరం కన్నా తక్కువ శక్తి ఉన్న కాంతిని చూడలేదు. ఇండియం ఆంటిమొనైడ్ లాంటి చిన్న అంతరం (0.17 ఎలక్ట్రాన్ వోల్టులు) ఉన్నది కూడా దాదాపు 7 మైక్రోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సెమీమెటల్‌కు ఆ గీత లేదు. ఒక్క పరమాణువు మందం ఉన్న గ్రాఫీన్ పొర కంటికి కనిపించే కాంతి నుంచి పరారుణం దాకా దాదాపు సమానంగా 2.3 శాతం పీల్చుకుంటుంది.

ఇంకో ఉపయోగం నాకు మరీ ఇష్టమైనది. గాలియం ఆర్సెనైడ్ మధ్యలో ఎర్బియం ఆర్సెనైడ్ అనే సెమీమెటల్ నానోకణాలను పొదుగుతారు. లేజర్ స్పందనతో పుట్టిన ఎలక్ట్రాన్లను ఆ కణాలు పికోసెకను లోపే మింగేస్తాయి. విద్యుత్తు అంత వేగంగా పుట్టి చావడం వల్ల టెరాహెర్ట్జ్ తరంగాలు వస్తాయి. రెండు రకాల పదార్థాలనూ ఒకే స్ఫటికంలో కలపడం అంటే ఇదే.

చెడు కూడా చెప్పాలి. అంతరం లేదు కాబట్టి వెలుగు లేనప్పుడు కూడా కరెంటు పారుతూనే ఉంటుంది. డిటెక్టరు చేసేవారికి అదే తలనొప్పి.

మా కాలేజీలో ఎంబీఈ (వాక్యూంలో పలుచని పొరలు పెంచే) యంత్రం లేదు. విశాఖలో కూర్చుని ఈ రంగంలో పని చేయగలనా?

చేయగలరు. బిస్మత్ టెల్యూరైడ్, బిస్మత్ సెలెనైడ్, మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పొరల పదార్థాలకు ఒక ట్యూబ్ ఫర్నేస్, మంచి వాక్యూం పంపు, క్వార్ట్జ్ గొట్టాలు సీల్ చేయగల మనిషి చాలు. 2004లో గ్రాఫీన్‌ను గ్రాఫైట్ నుంచి విడదీసినది అతికించే టేపుతోనే, ఆ పనికి 2010లో గెయిమ్, నొవొసెలోవ్‌లకు నోబెల్ వచ్చింది. టేపు సులువే. టేపుకు అంటించడానికి తగిన స్ఫటికం పెంచడమే మన పని.

పలుచని పొరలే కావాలంటే బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఐఐటీలలోని నానోఎలక్ట్రానిక్స్ సదుపాయాలను బయటి పరిశోధకులకు తెరిచే ఐఎన్‌యూపీ పథకం ఉంది. ఏ పరికరం దేశంలో ఎక్కడ ఉందో ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకవచ్చు. ఏం కొలవాలో తేల్చుకోకుండా మాత్రం రైలెక్కకండి. అక్కడ దొరికే సమయం తక్కువ.

మన తూర్పు కనుమల్లో బాక్సైట్ ఉంది కదా, అంటే గాలియం ఉన్నట్టేనా?

ఉన్నట్టే, కానీ టన్నుకు కొన్ని పదుల గ్రాముల లెక్కన. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు ఆ క్షార ద్రావణంలో గాలియం కొద్దికొద్దిగా పేరుకుంటుంది, ప్రపంచానికి వచ్చే గాలియంలో ఎక్కువ భాగం అక్కడిదే. సెలీనియం, టెల్యూరియం రాగి శుద్ధిలో మడ్డి నుంచి, కాడ్మియం జింకు శుద్ధి నుంచి వస్తాయి. మనం వాడేవన్నీ ఇంకో లోహపు ఇంటి అద్దెకాపులు. వాటి ధరలు ఉన్నట్టుండి ఎందుకు పెరుగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

## పదార్థాలు, ఆంపూల్

ఎంత శుద్ధమైన ముడి పదార్థం కొనాలి? ఐదు తొమ్మిదులు సరిపోతుందా?

ఏం పెంచుతున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది. ఐదు తొమ్మిదులు, అంటే 99.999 శాతం. పది లక్షల పరమాణువులకు 10 మలినాలు. వినడానికి తక్కువే. కానీ ఘన సెంటీమీటరుకు దాదాపు 5×10²² పరమాణువులుంటే మలినాలు 5×10¹⁷ అవుతాయి. కావాలని కలిపే డోపింగ్ తరచుగా 10¹⁶ దగ్గర ఉంటుంది. కలిపిన దానికన్నా కలవకూడనిది యాభై రెట్లు ఎక్కువన్నమాట. కాంతినిచ్చే అర్ధవాహకానికి ఇది పనికిరాదు.

బిస్మత్ సెలెనైడ్ సంగతి వేరు. దాని సొంత లోపాలే 10¹⁹ దాకా ఎలక్ట్రాన్లను పుట్టిస్తాయి. అక్కడ ఏడు తొమ్మిదుల సెలీనియం కొనడం చిల్లుల కుండకు వెండి మూత చేయించడమే.

ఆంపూల్ ఎలా శుభ్రం చేయాలి?

ఆంపూల్ అంటే ముడి పదార్థం వేసి వాక్యూంలో సీల్ చేసే క్వార్ట్జ్ గొట్టం. సబ్బు నీళ్లు, డీఅయొనైజ్డ్ నీళ్లు, అసిటోన్, ఆమ్లం, మళ్లీ డీఅయొనైజ్డ్ నీళ్లు, ఆ తరువాత ఓవెన్. ఆమ్లం వాడేటప్పుడు ముందున్న అసిటోన్ పూర్తిగా పోయి ఉండాలి, ఆ రెండూ కలిస్తే ప్రమాదం. చివరగా పంపు నడుస్తుండగానే ఖాళీ గొట్టాన్ని వేడి చేసి గోడలకు పట్టిన తేమను వదిలించండి.

ఎండబెట్టిన గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. చెమటలోని సోడియం వెయ్యి డిగ్రీలు దాటాక క్వార్ట్జ్‌ను అక్కడే స్ఫటికంగా మార్చి తెల్లగా, పెళుసుగా చేస్తుంది. ఫర్నేసులోంచి తీసిన గొట్టం మీద నా బొటనవేలి ముద్ర తెల్లగా అచ్చుపడి కనిపించిన రోజు నుంచి నేను గ్లవ్స్ మరచిపోలేదు.

సముద్రం పక్కన ఉన్నాం, ఈ తేమకు ఏం చేయాలి?

నిజమైన సమస్య. బీచ్ రోడ్డు వైపు కిటికీలున్న గదిలో బ్యాలెన్సు పెట్టుకుని పొడులు తూచడమే తప్పు. ఎన్ని పుస్తకాల్లో పద్ధతి చదివినా, అవి పొడి దేశాల్లో రాసినవన్న సంగతి మరవకూడదు. మా అనుభవంలో నాలుగు జాగ్రత్తలు పనిచేశాయి.

ముడి లోహాలను పొడిగా కాకుండా ముక్కలుగా కొనండి, ఉపరితలం తక్కువ కాబట్టి ఆక్సైడ్ తక్కువ. డెసికేటర్‌లోని నీలి సిలికా జెల్ గులాబీ రంగుకు మారగానే ఓవెన్లో పెట్టి మళ్లీ నీలం చేయండి. వానాకాలంలో ఇది వారానికోసారి జరిగే పని. రోటరీ పంపు నూనె తేమను తాగేస్తుంది, వాక్యూం రావడం లేదంటే లీకు వెతికే ముందు గ్యాస్ బాలస్ట్ (నూనెలోని తేమను బయటికి పంపే వాల్వు) తెరిచి అరగంట నడపండి. ఇక ఉప్పుగాలి. థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) కనెక్షన్లు, ఫర్నేస్ టెర్మినళ్లు ఆకుపచ్చగా తుప్పుపడతాయి. ఏడాదికోసారి కాదు, మూడు నెలలకోసారి విప్పి గీకండి.

నా ఆంపూల్ ఫర్నేసులో పేలింది. ఏం తప్పు చేశాను?

చాలావరకు రెండు కారణాల్లో ఒకటి. మొదటిది ఆవిరి పీడనం. సల్ఫర్ 445 డిగ్రీలకు, సెలీనియం 685 డిగ్రీలకు మరుగుతాయి. ఆర్సెనిక్ 614 డిగ్రీల దగ్గర ద్రవంగా మారకుండానే ఆవిరవుతుంది. 20 ఘన సెంటీమీటర్ల గొట్టంలో స్పందించకుండా మిగిలిన 0.1 గ్రాము సల్ఫర్ 727 డిగ్రీల దగ్గర రెండేసి పరమాణువుల అణువులుగా మారితే పీడనం 6 అట్మాస్ఫియర్లు దాటుతుంది. 1 గ్రాము ఉంటే లెక్క మీరే వేసుకోండి. కాబట్టి తొందరగా వేడి చేయవద్దు. మరిగే ఉష్ణోగ్రతకు కాస్త దిగువన ఒకటి రెండు రోజులు ఆపితే సల్ఫర్ లోహంతో కలిసిపోతుంది. కలిసిపోయాక దానికి ఆవిరయ్యే ఆత్రం ఉండదు.

రెండో కారణం చల్లార్చేటప్పుడు పనిచేస్తుంది. బిస్మత్ నీళ్లలాగే గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది, దాదాపు 3.3 శాతం. ఫ్రిజ్‌లో గాజు సీసా పగిలినట్టు గొట్టం పగులుతుంది. అడుగు కోసుగా ఉన్న ఆంపూల్ తీసుకుని కింది కొస నుంచి పైకి గడ్డకట్టేలా చేస్తే ఉబ్బిన ద్రవానికి పైన చోటు దొరుకుతుంది. పైభాగం ముందు గడ్డకడితే బిరడా కొట్టినట్టే.

గొట్టం సీల్ చేసేటప్పుడు మామూలు కళ్లద్దాలు చాలా?

చాలవు. తెల్లగా వెలిగే క్వార్ట్జ్ నుంచి వచ్చే వెలుగు కళ్లను దెబ్బతీస్తుంది. వెల్డింగ్ పనికి వాడే నల్లటి అద్దాలు పెట్టుకోండి.

## ఫర్నేసులో ఉన్నప్పుడు

ఎంత నెమ్మదిగా చల్లార్చాలి? వారం రోజులు నిజంగా అవసరమా?

వెన్న కాచిన ఇంట్లో పెరిగినవారికి ఇది చెప్పనక్కర్లేదు. కాచిన నెయ్యిని అలాగే వదిలేస్తే పూస కడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ముద్ద అవుతుంది. పూర్ణా మార్కెట్‌లో దొరికే పటికబెల్లం కూడా చిక్కటి పాకంలో దారం వేలాడదీసి రోజుల తరబడి కదపకుండా ఉంచితేనే అంత పెద్ద పలుకులు వేస్తుంది. త్వరగా చల్లారితే వెయ్యి చోట్ల గింజలు మొదలై ఒకదానికొకటి అడ్డుపడతాయి. నెమ్మదిగా చల్లారితే ఒకటి రెండు మాత్రమే మొదలై మిగతా ద్రవాన్నంతా తమలో కలుపుకుంటాయి.

అంకెల్లో చెప్పాలంటే బిస్మత్ టెల్యూరైడ్ 585 డిగ్రీలకు కరుగుతుంది. 800 దాటించి ఒక రోజు ఉంచి, మధ్యలో గొట్టాన్ని కదిలించి, గంటకు 2 డిగ్రీల చొప్పున 550 దాకా దించి, అక్కడ కొన్ని రోజులు ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. దించడానికే అయిదు రోజులకు పైగా పడుతుంది. సమయం తగ్గించాలంటే 800 నుంచి 620 దాకా వేగంగా దించండి, అక్కడ ద్రవమే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. గడ్డకట్టే చోట మాత్రం తొందరపడవద్దు.

మధ్యలో కరెంటు పోతే అంతా పోయినట్టేనా?

ఎక్కడ పోయిందన్నది ముఖ్యం. పదార్థమంతా ద్రవంగా ఉన్న దశలో పోతే నష్టం సమయమే. గొట్టం పగలకపోతే మళ్లీ వేడి చేసి మొదలుపెట్టవచ్చు. పూర్తిగా గడ్డకట్టి అనీలింగ్‌లో, అంటే ఒకే వేడిలో కొన్ని రోజులు ఉంచే దశలో, ఉంటే కూడా భయం లేదు. సగం గడ్డకట్టినప్పుడు పోతే ఆ సగం తరువాతి భాగమంతా చిన్న చిన్న గింజల ముద్ద.

మూడు కిలోవాట్ల ఫర్నేసును మామూలు యూపీఎస్ మోయలేదు, కంట్రోలర్‌కు మాత్రం చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు తిరిగి వచ్చాక అది ప్రోగ్రాంను ఎక్కడి నుంచి అందుకుంటుందో ముందే సెట్ చేసుకోండి. ఒకసారి నా కంట్రోలర్ మొదటి మెట్టు నుంచి అందుకుని, నాలుగు రోజులు పెంచిన స్ఫటికాన్ని రాత్రికి రాత్రి మళ్లీ కరిగించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అప్పుడు ఏ యూపీఎస్ ఏం చేస్తుంది? అక్టోబరు, నవంబరులలో పది రోజుల రన్ మొదలుపెట్టే ముందు తుపాను హెచ్చరికల కేంద్రం సూచన చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఉంటే ఆ వారం అధ్యయనానికి కేటాయించండి.

కంట్రోలర్ 600 అంటోంది, నమ్మవచ్చా?

నమ్మవద్దు. అది థర్మోకపుల్ కొస ఉన్న చోటి ఉష్ణోగ్రత, మీ ఆంపూల్‌ది కాదు. టిన్ 232, జింకు 419.5, వెండి 961.8 డిగ్రీలకు కరుగుతాయి. చిన్న ముక్కలు పెట్టి ఎక్కడ కరిగాయో చూసుకుంటే తేడా తెలుస్తుంది. గొట్టం పొడవునా ప్రతి రెండు సెంటీమీటర్లకు కొలిచి గ్రాఫు గీసుకోండి. విసుగైన పనే. ఒక రోజు పడుతుంది, మూడేళ్లు పనికొస్తుంది.

అయొడిన్ వేసి ఆవిరి రవాణా చేస్తున్నాను. స్ఫటికం చల్లని కొసనే వస్తుందా?

ఎప్పుడూ కాదు. అయొడిన్ ఘన పదార్థాన్ని ఆవిరి రూపంలోకి మార్చి మోస్తుంది, రెండో కొసన దింపేస్తుంది. ఆ మార్పు వేడిని పీల్చుకునేదైతే సరుకు వేడి కొస నుంచి చల్లని కొసకు పోతుంది. వేడిని వదిలేదైతే దారి తిరగబడుతుంది. హాలోజన్ బల్బులో ఊడిన టంగ్‌స్టన్ తిరిగి మండే ఫిలమెంటు దగ్గరికే చేరడం ఈ రెండో రకం. ఘన సెంటీమీటరుకు కొన్ని మిల్లీగ్రాముల అయొడిన్ చాలు. సీల్ చేసేటప్పుడు అది పంపులోకి పోకుండా గొట్టం అడుగును ద్రవ నత్రజనితో చల్లగా ఉంచండి.

కాడ్మియం ఆర్సెనైడ్ పెంచాలనుంది, మా గైడు వద్దంటున్నారు.

గైడు మాట వినండి. కాడ్మియం, ఆర్సెనిక్ రెండూ విషాలే. గ్లోవ్ బాక్స్, పనిచేసే ఫ్యూమ్ హుడ్, వ్యర్థాలను తీసుకెళ్లే ఏర్పాటు మూడూ లేని చోట అది ధైర్యం కాదు. అదే సెమీమెటల్ భౌతిక శాస్త్రాన్ని బిస్మత్‌తోనో టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్‌తోనో నేర్చుకోవచ్చు.

## పలుచని పొరలు

ఎంబీఈ, ఎంఓసీవీడీ అని వింటుంటాను. ఏది గొప్ప?

గొప్ప అని లేదు. ఎంబీఈలో 10⁻¹⁰ టార్ స్థాయి వాక్యూంలో మూలకాలను వేర్వేరు మూసల నుంచి ఆవిరి చేసి, వేడి పళ్లెం మీద సెకనుకు దాదాపు ఒక పరమాణు పొర చొప్పున పరుస్తారు. గంటంతా నడిపితే వచ్చేది ఒక మైక్రోమీటరు. 1960ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో ఆల్ఫ్రెడ్ చో, జాన్ ఆర్థర్ దీన్ని తీర్చిదిద్దారు. కొత్త కూర్పులు వెతికే పరిశోధకుడి పనిముట్టు ఇది. ఎంఓసీవీడీలో లోహాలను మోసే వాయువులు వేడి పళ్లెం మీద విడిపోతాయి. ఒకేసారి చాలా పళ్లాల మీద పని జరుగుతుంది కాబట్టి ఎల్‌ఈడీ కర్మాగారాలు దాన్ని ఎంచుకున్నాయి.

సబ్‌స్ట్రేట్ (పొరను పెంచే అడుగు పళ్లెం) ఏదైనా పరవాలేదా?

గచ్చు మీద పలకలు పరిచేటప్పుడు కింది వరసకూ పై వరసకూ కొలత తేడా ఉంటే పది పలకలు దాటగానే కీళ్లు తప్పుతాయి. ఇక్కడా అంతే. గాలియం ఆర్సెనైడ్ జాలక కొలత (స్ఫటికంలో పరమాణువుల అమరిక మళ్లీ మొదలయ్యే దూరం) 5.653 ఆంగ్‌స్ట్రాములు, అల్యూమినియం ఆర్సెనైడ్‌ది 5.661. ఈ రెండూ దాయాదుల్లా సర్దుకుంటాయి. ఇండియం ఆర్సెనైడ్ 6.058. ఏడు శాతం తేడా అంటే పొర కొద్దిగా మందమెక్కగానే లోపాలతో నిండిపోతుంది. ఆ లోపాల దగ్గరే ఎలక్ట్రాన్లు వెలుగివ్వకుండా చచ్చిపోతాయి.

కొలత కుదిరినా ఆకారం కుదరకపోవచ్చు. ఎర్బియం ఆర్సెనైడ్‌ది ఉప్పు నిర్మాణం, గాలియం ఆర్సెనైడ్‌ది జింక్‌బ్లెండ్ నిర్మాణం. మొదటిది రెండోదానిమీద చక్కగా పెరుగుతుంది. దాన్ని పూర్తిగా కప్పేసే పొరగా పెంచి, దానిమీద మళ్లీ గాలియం ఆర్సెనైడ్ వేయబోతే కుదురుగా పెరగదు. అందుకే దీవుల్లా విడివిడిగా వేసి, ఆ సందుల్లోంచి కింది స్ఫటికాన్ని పైకి పెరగనిస్తారు.

## బయటికి తీశాక

అద్దంలా మెరుస్తోంది. ఏక స్ఫటికమేనా?

మెరుపుకు మోసపోవద్దు. గింజల ముద్ద కూడా చీల్చిన చోట మెరుస్తుంది. ఇంటర్నెట్టులో ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపించే మెట్ల బిస్మత్ అందమైనదే, కానీ ఆ రంగులు పైనున్న ఆక్సైడ్ పొరవి. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాల వివర్తనంలో) ఒకే వరస తలాల శిఖరాలు రావడం మంచి సూచన, రుజువు కాదు. పొరలన్నీ ఒకే వైపు పడుకుని, తమలో తాము తిరిగి ఉన్నా అలాగే వస్తుంది. లావే చిత్రంలో (కదలని స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు పడితే వచ్చేది) చుక్కలు ఒంటరిగా, గుండ్రంగా ఉంటే అప్పుడు సంతోషించండి.

మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒకే పొర అని ఎలా తెలుస్తుంది?

రామన్‌లో (చెదిరిన లేజర్ కాంతి వర్ణపటంలో) రెండు ప్రధాన శిఖరాల మధ్య దూరం చూడండి. మందమైన ముక్కలో సుమారు 25, ఒకే పొరలో 19 దగ్గర (సెంటీమీటరుకు తరంగ సంఖ్యల్లో) ఉంటుంది. వెలుగు కూడా సాక్ష్యం చెబుతుంది. మందంగా ఉన్నప్పుడు పరోక్షమైన అంతరం ఒకే పొర కాగానే ప్రత్యక్షమై 1.8, 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఎర్రటి కాంతి ప్రకాశవంతంగా వస్తుంది.

నా బిస్మత్ సెలెనైడ్ ప్రతిసారీ ఎన్-టైప్‌గానే (ఎలక్ట్రాన్లు ఎక్కువగా) వస్తోంది. నేనేమైనా పొరపాటు చేస్తున్నానా?

మీ పొరపాటు కాదు. సెలీనియం తేలికగా ఆవిరై తన చోటు ఖాళీ చేస్తుంది, ప్రతి ఖాళీ ఎలక్ట్రాన్లను వదులుతుంది. కొద్దిగా అదనపు సెలీనియం వేయడం, కాల్షియంతో డోప్ చేయడం తెలిసిన మార్గాలు. బిస్మత్ టెల్యూరైడ్‌లో దీనికి వ్యతిరేకం. సరైన నిష్పత్తిలో కలిపి కరిగించినా, టెల్యూరియం స్థానంలో బిస్మత్ కూర్చుని పీ-టైప్ (ఎలక్ట్రాన్ల లోటు ఉన్నది) చేస్తుంది. ఎన్ని గ్రాములు వేశారో, ఎన్ని గ్రాములు తిరిగి వచ్చాయో నోట్‌బుక్కులో లేకపోతే మాత్రం అది మీ పొరపాటే.

టెల్యూరియంతో పని చేస్తే నోరు వెల్లుల్లి వాసన వస్తుందని సీనియర్లు భయపెడుతున్నారు. నిజమా?

నిజం. ఒంట్లోకి పోయిన టెల్యూరియం డైమిథైల్ టెల్యూరైడ్‌గా మారి ఊపిరితో బయటికి వస్తుంది, రోజుల తరబడి పోదు. తినని వెల్లుల్లి వాసన ఇంట్లో వాళ్లకు వస్తోందంటే మీరు ఆంపూల్‌ను ఫ్యూమ్ హుడ్ బయట పగలగొట్టారన్నమాట. గొట్టాన్ని మందపాటి గుడ్డలో చుట్టి, హుడ్ లోపల, గీత గీసి విరవండి. పెంకులను మామూలు చెత్తబుట్టలో వేయకండి, ఊడ్చే అమ్మకు అందులో ఏముందో తెలియదు. మూత ఉన్న డబ్బాలో వేసి మీద పదార్థం పేరు, తేదీ రాయండి.